మంత్రి సభలో ఇచ్చిన మాట కదలకపోతే శాసనసభ కమిటీకి ఎట్లా పోవాలి? అక్కడ హియరింగ్‌లో ఏం జరుగుతుంది?

నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి అడిగిన ప్రశ్న ఇది. ఎత్తిపోతల ప్రధాన కాల్వ వాళ్ల పొలిమేర దాకా వచ్చింది, పిల్ల కాల్వలు మాత్రం తవ్వలేదు. మూడు ఊళ్ల ఆయకట్టు ఎండుతోంది. ఎమ్మెల్యే వేసిన ప్రశ్నకు మంత్రి రెండేళ్ల కింద సభలో "త్వరలోనే చేపడతాం" అన్నారు. ప్రజావాణిలో ఎన్ని అర్జీలు పెట్టినా "సంబంధిత శాఖకు పంపాం" అన్న ఎండార్స్‌మెంట్ తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు శాసనసభ కమిటీకి పోవచ్చా, పోతే మమ్మల్ని పిలిచి వింటారా, అక్కడ ఏం చెప్పాలి అని అడిగారు.

సూటిగా జవాబు: పోవచ్చు. మీ విషయంలో మొదట తట్టాల్సింది ప్రభుత్వ హామీల కమిటీ తలుపు, ఆ తర్వాతది పిటిషన్ల కమిటీ. మిమ్మల్ని హైదరాబాద్‌కు పిలిచి కుర్చీ వేసి వింటారన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పాల్సింది శాఖ కార్యదర్శి, ఇంజినీర్లు. మీ గొంతు అక్కడికి చేరేది మీరు ముందే పంపిన కాగితంలోనే. ఆ కాగితం బలంగా ఉంటే సభ్యుడు నాలుగు ప్రశ్నలు నిలదీసి అడుగుతాడు. లేకుంటే "ఆ పని ఏమైందండీ" అని ఒక్కమాట అడిగి ఊరుకుంటాడు. కాబట్టి కష్టమంతా కాగితం మీద పెట్టండి.

ముందు ఒక గందరగోళం తీరాలి. మన దిక్కు "హియరింగ్" అన్న మాట నాలుగు వేర్వేరు పనులకు వాడుతున్నారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి పూర్తిగా అధికారుల వ్యవహారం, శాసనసభకు దానితో సంబంధం లేదు. దామరచర్ల థర్మల్ కేంద్రం కోసం జరిగినలాంటి ప్రజాభిప్రాయ సేకరణ 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద జరిగేది. దాన్ని కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, 30 రోజుల ముందు నోటీసు ఇస్తారు, కలెక్టర్‌గానీ ఆయన తరఫు అధికారిగానీ అధ్యక్షత వహిస్తారు, ఎవరైనా మైకు పట్టుకుని మాట్లాడొచ్చు. కాళేశ్వరం మీద వేసిన పి.సి. ఘోష్ కమిషన్, యాదాద్రి థర్మల్ కేంద్రమూ ఛత్తీస్‌గఢ్ కరెంటు కొనుగోళ్లూ చూడమని 2024లో వేసిన కమిషన్, ఇవి 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద నడిచేవి. అక్కడ అఫిడవిట్లుంటాయి, లాయర్లుంటారు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉంటుంది.

శాసనసభ కమిటీ ఈ మూడింటిలో ఏదీ కాదు. ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు తలుపులు మూసుకుని కూర్చునే సమావేశం అది. విలేకరులు ఉండరు. అధికారిని ప్రశ్నించే హక్కు సభ్యులదే, మీకు ఉండదు. చివర్లో వచ్చేది సభకు ఇచ్చే నివేదిక. కమిటీ తీర్పు ఇవ్వదు, సిఫారసు చేస్తుంది. ఈ తేడా తెలియక కోర్టుకు పోయినట్టు పోయేవాళ్లు నిరాశపడతారు. అయినా పనికొచ్చే పని ఒకటి కమిటీ చేస్తుంది. శాఖ దాచుకున్న ఫైలును బల్ల మీదికి తెప్పించి, "ఈ సంతకం ఎందుకు ఆగింది" అని ఆ సంతకం పెట్టాల్సిన మనిషినే అడుగుతుంది.

హామీ అంటే ఏది?

మంత్రి మీ ఊరి సభలో, కొబ్బరికాయ కొట్టిన చోట, టీవీ ముందు ఇచ్చిన మాట హామీల కమిటీకి పనికిరాదు. సభ లోపల, రికార్డుకెక్కిన మాట కావాలి. ఆ మాట తీరు కూడా ముఖ్యం. లోక్‌సభలో అయితే ఏయే మాటలు హామీ కిందికి వస్తాయో ఒక జాబితానే ఉంది. "విషయం పరిశీలనలో ఉంది", "విచారణ జరిపిస్తాం", "సమాచారం సేకరించి సభ ముందు పెడతాం", "నేను చూస్తాను" వంటివన్నీ అందులో ఉన్నాయి. అక్కడ మాట ఇచ్చిన నాటి నుంచి 3 నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. 1953లో ఈ కమిటీ పుట్టిందే మంత్రులు చెప్పి మరిచిపోతున్నారని. రాష్ట్రాల సభల్లోనూ హామీల కమిటీలు అదే పోలికలో ఏర్పడ్డాయి.

"త్వరలోనే చేపడతాం" అన్నది బలమైన మాటే. "నిధుల లభ్యతను బట్టి చూస్తాం" అన్నది సగం బలం. జీరో అవర్‌లో "నోట్ చేసుకున్నాం" అన్నది చాలా బలహీనం, దాన్ని హామీగా లెక్కించడం కష్టం.

కాబట్టి మొదటి పని, ఆ మాట అచ్చులో సంపాదించడం. వార్తాపత్రిక కోత చాలదు. శాసనసభ చర్చల రికార్డు వెబ్‌సైట్‌లోనూ, శాసనసభ గ్రంథాలయంలోనూ ఉంటుంది. మీ ఎమ్మెల్యే ప్రశ్న నక్షత్ర గుర్తు ప్రశ్న (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పాల్సినది) అయితే దానికి ఒక నంబరు ఉంటుంది, శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబు ఉంటుంది. శాఖ ఆఫీసుల్లో దీన్ని ఎల్‌ఏక్యూ అంటారు. మండలిలో అడిగిందైతే ఎల్‌సీక్యూ. తేదీ, ప్రశ్న నంబరు, ఏ భాగానికి ఏ జవాబు వచ్చిందో దొరికిందంటే సగం పని అయినట్టే. ప్రశ్న అడిగిన ఎమ్మెల్యే పీఏ దగ్గర ఆ జవాబు ప్రతి సాధారణంగా ఉంటుంది, ముందు అక్కడే అడగండి. నెలలు ఆదా అవుతాయి.

అది దొరికాక హామీల కమిటీ ఛైర్మన్‌కు ఒక లేఖ రాయండి. ఫలానా తేదీన, ఫలానా ప్రశ్నకు ఇచ్చిన ఈ జవాబును హామీగా నమోదు చేశారా, చేసి ఉంటే శాఖ ఏం జవాబిచ్చింది, చేయకపోతే చేయాలని కోరుతున్నాం అని. ఒక్క పేజీ చాలు. శాసనసభ సచివాలయంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. అదే లేఖ ప్రతి మీ ఎమ్మెల్యేకు, వీలైతే కమిటీలో సభ్యుడిగా ఉన్న మన పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఎమ్మెల్యే ఒకరికి ఇవ్వండి.

ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. నమోదైన హామీని "ఆచరణ సాధ్యం కాదు, జాబితా నుంచి తొలగించండి" అని శాఖ కమిటీని కోరవచ్చు. వాయిదా కూడా కోరవచ్చు. వాయిదా అడిగితే భయం లేదు. తొలగించమని అడిగిన రోజున మీ వైపు కాగితం లేకపోతే ఆ హామీ అక్కడితో ముగిసినట్టే. శాఖ రాసిన కారణం ఒక్కటే కమిటీ ముందు ఉంటుంది, దాన్ని కాదనడానికి సభ్యుడి చేతిలో ఏమీ ఉండదు.

పిటిషన్ దారి

హామీ దొరకని పక్షంలో, లేదా దొరికినా రెండో దన్నుగా, పిటిషన్ల కమిటీ ఉంది. దీనికి రెండు రకాలుగా పోవచ్చు. ఒకటి, ఒక సభ్యుడు ప్రతిసంతకం చేసి సభకు సమర్పించే లాంఛనమైన పిటిషన్. రెండోది, కమిటీకి నేరుగా పంపే వినతిపత్రం. మొదటిది ఒకసారి సభలోకి వెళ్లాక పక్కన పడేయడానికి వీల్లేనిది. అందుకే దాని మీద షరతులూ ఎక్కువ.

పార్లమెంటు నియమాల్లో ఉన్న ఈ షరతులు రాష్ట్రంలోనూ దాదాపు ఇదే పోలికలో ఉంటాయి:

భాష మర్యాదగా ఉండాలి. "దొంగలు", "అమ్ముడుపోయారు" వంటి మాటలుంటే తిప్పిపంపుతారు. సంతకం చేసిన ప్రతి మనిషి పేరు, చిరునామా ఉండాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు, దానికి విలువ తక్కువేం కాదు. లాంఛన పిటిషన్‌కు ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర దస్త్రాలు జత చేయకూడదు. అంటే విషయమంతా పిటిషన్ ఒంట్లోనే రాయాలి. జతపరచాలనుకుంటే వినతిపత్రం దారి పట్టాలి. చివర్లో కచ్చితమైన ప్రార్థన ఉండాలి, అంటే సభ ఏం చేయాలని కోరుతున్నారో ఒకటి రెండు వాక్యాల్లో. ఇది లేని అర్జీలు చాలా వస్తాయి. మూడు పేజీల బాధ రాసి, "కావున న్యాయం చేయగలరు" అని ముగిస్తారు. ఏ న్యాయం? ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు దాకా ఏ పని?

ప్రతిసంతకం మీ ఎమ్మెల్యేనే చేయాలని లేదు. ఏ సభ్యుడైనా చేయవచ్చు. మీ ఎమ్మెల్యే మంత్రి అయితే ఆయన్ను అడగడంలో అర్థం లేదు, ప్రభుత్వం మీద తానే పిటిషన్ తేలేరు. అప్పుడు పక్క నియోజకవర్గం చూడండి. మండలిలో మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ పట్టభద్రుల, ఉపాధ్యాయ స్థానాల సభ్యులు, నల్లగొండ వాళ్లకైతే వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానాల సభ్యులు ఉన్నారు. మండలికి పిటిషన్ ఇవ్వాలంటే వాళ్లు కావాలి. ఈ ఎమ్మెల్సీల దగ్గరికి ఊరి సమస్యతో పోయేవాళ్లు తక్కువ, కాబట్టి వినే తీరిక కాస్త ఎక్కువ.

ఎక్కడ కొట్టేస్తారు? మూడు చోట్ల.

మొదటిది కోర్టు కేసు. మీ మూడు ఊళ్లలో ఎవరైనా ఇదే పని మీద హైకోర్టులో రిట్ వేసి ఉంటే, అది పెండింగ్‌లో ఉంటే, కమిటీ చేతులు కట్టేసుకుంటుంది. అర్జీ పెట్టేముందు ఊళ్లో కనుక్కోండి. పాలమూరు దిక్కు ఇంకో మెలిక ఉంది. కృష్ణా నీళ్ల వాటా సంగతి బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ ముందు నడుస్తోంది. మీ పిటిషన్‌లో "మా ప్రాజెక్టుకు ఇన్ని టీఎంసీలు కేటాయించాలి" అన్న వాక్యం ఒక్కటి పడ్డా శాఖ దాన్నే పట్టుకుని, విషయం ట్రిబ్యునల్ ముందుంది అంటుంది. నీటి వాటా జోలికి పోకండి. కాల్వ తవ్వకం గురించి మాత్రమే రాయండి.

రెండోది, చట్టంలో వేరే దారి ఉన్న విషయం. భూమి పోయి పరిహారం తక్కువ వచ్చిందంటే దానికి 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద రెఫరెన్సు దారి, అంటే పరిహారం తేల్చే అథారిటీకి పంపమని కోరే దారి, ఉంది. అవార్డు, అంటే పరిహారం తేల్చిన ఉత్తర్వు, ఇచ్చినప్పుడు కలెక్టర్ ముందు మీరు హాజరై ఉంటే ఆనాటి నుంచి 6 వారాల గడువు. దాన్ని వదిలి కమిటీ చుట్టూ తిరిగితే గడువు దాటిపోయి రెండిటికీ చెడతారు. పునరావాస కాలనీలో ఇళ్లు కట్టలేదు, బడి లేదు, నల్లా లేదు అన్నది మాత్రం కమిటీ చూడదగ్గ విషయమే.

మూడోది, ఒక్కరి బాధ. పట్టా పాస్‌బుక్‌లో 12 గుంటలు తక్కువ పడ్డాయంటే అది భూభారతి (భూమి రికార్డుల చట్టం) కింద తహసీల్దార్, ఆర్డీవో చూడాల్సింది. అదే తప్పు ఒక సర్వే నంబరులో 80 మందికి పడిందంటే అప్పుడది ప్రజాప్రయోజనం అవుతుంది.

కాగితం ఎట్లా తయారు చేయాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కొంచెం సాగదీస్తాను.

సభ్యుడికి కావాల్సింది మీ కష్టం వర్ణన కాదు, ఆయనకది తెలుసు. కావాల్సింది తేదీల పట్టిక. ఒక వైపు తేదీ, మధ్యలో ఏం జరిగింది, చివర ఆధారం నంబరు. పరిపాలనా అనుమతి ఇచ్చిన జీవో నంబరు, తేదీ, మొత్తం. సాంకేతిక మంజూరు. టెండరు. ఒప్పందం. పని మొదలైన రోజు. ఎన్నో కిలోమీటరు దగ్గర ఆగింది. చివరి బిల్లు ఎప్పుడు చెల్లించారు. సభలో మంత్రి మాట. ఆ తర్వాత మీరిచ్చిన అర్జీలు, వాటికి వచ్చిన ఎండార్స్‌మెంట్లు.

ఇవన్నీ సమాచార హక్కు కింద తెచ్చుకోవాలి. ఊరి స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తులో "పని వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే నాలుగు వాక్యాల ఉత్తరం వస్తుంది. "ఫలానా పనికి సంబంధించిన పరిపాలనా అనుమతి ప్రతి, ఒప్పంద ప్రతి, ఎం‌బుక్‌లో చివరి నమోదు ఉన్న పేజీ ప్రతి, ఈఈ నుంచి ఎస్‌ఈకి గత రెండేళ్లలో వెళ్లిన ఉత్తరాల ప్రతులు" అని దస్త్రం పేరు పెట్టి అడగండి. ఎంబుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, ఈఈ అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, ఎస్‌ఈ అంటే ఆయన పైన ఉండే సూపరింటెండింగ్ ఇంజినీరు. ఈఈ ఆఫీసుకు ఒకటి, భూసేకరణ చూసే ఆర్డీవో ఆఫీసుకు ఒకటి విడివిడిగా వేయండి. ఒకదాంట్లోనే అన్నీ అడిగితే "మా పరిధి కాదు" అని మూడు చేతులు మారి రెండు నెలలు పోతాయి.

కాగ్ నివేదికలో మీ ప్రాజెక్టు మీద పేరా ఏదైనా ఉంటే ఆ ఏడాది, పేరా నంబరు తప్పక రాయండి. అలాంటి పేరాలు ప్రజాపద్దుల కమిటీ చూసేవి. ఆ కమిటీ సమావేశంలో అకౌంటెంట్ జనరల్ ఆఫీసువాళ్లు పక్కనే కూర్చుని సభ్యులకు సాయం చేస్తారు, కాబట్టి అంకెలతో దబాయించడం శాఖకు కుదరదు.

మొత్తం రెండు పేజీలు మించొద్దు. జతలకు నంబర్లు వేసి, పట్టికలో ఆ నంబరు చూపండి. తెలుగులో రాయవచ్చు, రాష్ట్ర శాసనసభకు అనువాదం అక్కర్లేదు. ఆఖరి అర పేజీలో "శాఖను అడగదగిన ప్రశ్నలు" అని శీర్షిక పెట్టి అయిదారు రాయండి. చాలామంది ఇది తమ పని కాదనుకుంటారు. తీరిక లేని సభ్యుడు సమావేశానికి వచ్చేటప్పుడు కారులో చదివేది ఆ అర పేజీనే.

హియరింగ్ రోజు ఏం జరుగుతుంది?

అర్జీ చేరగానే హియరింగ్ పెట్టరు. కమిటీ సచివాలయం ముందు శాఖకు పంపి పేరాల వారీగా రిమార్క్స్ అడుగుతుంది. శాఖ దాన్ని ఈఎన్‌సీ (ఇంజినీర్ ఇన్ చీఫ్)కి, ఆయన ఎస్‌ఈకి, ఎస్‌ఈ ఈఈకి, చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కి పంపుతారు. అంటే మీ అర్జీకి జవాబు రాసేది మీరు ఎవరి మీద చెప్పారో ఆ మనిషే. ఆ జవాబు మెట్లెక్కుతూ మళ్లీ కార్యదర్శి దాకా వచ్చి కమిటీకి చేరుతుంది. జవాబు బాగుంటే అక్కడే ముగిస్తారు. బాగా లేదనిపిస్తే అధికారులను పిలుస్తారు.

ఆ రోజు అధికారులు లోపలికి రాకముందు సభ్యులు కాసేపు తమలో తాము మాట్లాడుకుంటారు. ఏ ప్రశ్న ఎవరు అడగాలో అక్కడ అనుకుంటారు. కోరం మూడో వంతు. తర్వాత కార్యదర్శి, ఈఎన్‌సీ, కింది ఇంజినీర్లు వస్తారు. కార్యదర్శి మొదట పరిస్థితి చెబుతారు. ఛైర్మన్ మొదట అడుగుతారు, ఆపైన సభ్యులు. మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది. అప్పటికప్పుడు జవాబు లేనివాటికి ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వండి అంటారు. మంత్రిని పిలవరు. హామీ మంత్రిదే అయినా జవాబు అధికారిది.

అధికారుల జవాబులు అయిదారు అచ్చుల్లోనే వస్తాయి. ఒక్కోదానికి ఎదురు ప్రశ్న ముందే రాసి ఇవ్వొచ్చు.

"ప్రతిపాదనలు ప్రభుత్వానికి పంపాం." ఏ తేదీన, ఏ నంబరు ఉత్తరంతో? వెనక్కి వచ్చిందా? వస్తే ఏ అభ్యంతరంతో? తిరుగు ఉత్తరం ఎప్పుడు పోయింది? ప్రతిపాదన ఆరు నెలల కిందే అభ్యంతరంతో వెనక్కి వచ్చి ఈఈ బల్ల మీద ఉండటం మామూలు సంగతి. పైవాళ్లకు ఆ మాట చెప్పరు.

"అంచనాలు సవరిస్తున్నాం." ఏ సంవత్సరం ఎస్‌ఎస్‌ఆర్ రేట్లతో? ఎస్‌ఎస్‌ఆర్ అంటే ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక. ఆ రేట్లు మారినప్పుడల్లా అంచనా మళ్లీ మొదటికి వస్తుంది. రెండుసార్లు సవరించారంటే ఆ రెండిటి తేదీలు అడగాలి.

"భూసేకరణ అడ్డమొచ్చింది." ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, ఏ సర్వే నంబర్లు? 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్ తేదీ ఏది, 19వ సెక్షన్ డిక్లరేషన్ తేదీ ఏది? ఈ రెంటి మధ్య 12 నెలలు దాటితే నోటిఫికేషన్ రద్దయిపోతుంది. డిక్లరేషన్ తర్వాత 12 నెలల్లో అవార్డు రాకపోతే మొత్తం ప్రక్రియ మురిగిపోతుంది. ప్రభుత్వం గడువు పొడిగిస్తే తప్ప. పిల్ల కాల్వల పనులు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. మూడు ఎకరాల ముక్క కోసం మూడు వేల ఎకరాల నీళ్లు ఆగుతాయి.

"కాంట్రాక్టర్ పని చేయడం లేదు." ఎన్ని నోటీసులిచ్చారు? కాంట్రాక్టు షరతుల్లోని 60-సీ కింద ఆ పని భాగాన్ని తీసేసి వేరేవాళ్లకు ఇవ్వడానికి ప్రతిపాదన పెట్టారా? పాత బిల్లులు బాకీ ఉన్నాయా? చాలాసార్లు కాంట్రాక్టర్ ఆగింది బిల్లు రాకే. ఆ మాట శాఖ తనంతట తాను ఒప్పుకోదు.

"నిధులు లేవు." ఈ పద్దు కింద ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారు, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది? మూడు అంకెలూ విడివిడిగా.

"పని పూర్తయింది." ఇది అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే కమిటీ ఫైలు మూసేస్తుంది. ఎం‌బుక్ నమోదు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా అన్నది అడగాలి. మీ దగ్గర తేదీ పడే ఫోటోలు ఉంటే, సర్వే నంబరు రాసి, అర్జీతోనే పంపి ఉండాలి. ఆ తర్వాత పంపితే ఆలస్యం.

జిల్లా పర్యటనలు

హైదరాబాద్ కన్నా మీకు అక్కరకొచ్చేది ఇదే. కమిటీలు జిల్లాలకు వస్తాయి. కలెక్టరేట్ మీటింగ్ హాలులో జిల్లా అధికారులతో సమీక్ష పెడతాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ కమిటీలైతే హాస్టళ్లు, గురుకులాలు కూడా చూస్తాయి. అప్పుడు గెస్ట్‌హౌస్ దగ్గర వినతిపత్రాలు తీసుకుంటారు. యాభై మంది ట్రాక్టరెక్కి పోయి నినాదాలు చేస్తే ఫోటో పడుతుంది, కాగితం గుంపులో పోతుంది. నలుగురు పోయి, ఛైర్మన్ చేతికి ఒకటి, కమిటీ వెంట వచ్చిన శాసనసభ సచివాలయం సెక్షన్ ఆఫీసర్ చేతికి ఇంకొకటి ఇవ్వండి. రెండోది ముఖ్యం. ఛైర్మన్‌కిచ్చినవి పూలదండలతో కలిసిపోతాయి, సెక్షన్ ఆఫీసర్‌కిచ్చింది ఫైలులోకి పోతుంది. స్థల పరిశీలన ఉంటే కాల్వ ఆగిన చోటికే రమ్మని ముందే రాతలో కోరండి. అధికారులు కమిటీని పని బాగా జరిగిన కాల్వ భాగానికే (రీచ్‌కే) తీసుకుపోతారు, అది మానవ సహజం.

ఒకవేళ మిమ్మల్నే పిలిస్తే

అరుదు, కానీ పిటిషన్‌దారుల్ని పిలవడం ఉంది. పిలుపు రాతపూర్వకంగా వస్తుంది. అది, ఆధార్ కార్డు ఉంటే గేటు దగ్గర పాస్ ఇస్తారు. నల్లగొండ నుంచి వచ్చేవాళ్లు ఎల్బీ నగర్‌లో, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కితే ఎర్ర లైను మీద అసెంబ్లీ స్టేషన్‌లోనే దిగొచ్చు. ఇద్దరు ముగ్గురికి మించి పోవద్దు, ఒక్కరే మాట్లాడాలి. ప్రమాణం చేయించవచ్చు. తెలియని అంకె చెప్పొద్దు, "రాతలో పంపుతాను" అంటే చాలు. కమిటీ ముందు తెలిసీ అబద్ధం చెబితే సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది. అదే నియమం మీకు రక్షణ కూడా. కమిటీకి అర్జీ పెట్టినందుకు, సాక్ష్యం చెప్పినందుకు ఎవరైనా బెదిరిస్తే అదీ సభను ధిక్కరించినట్టే. బెదిరింపు వస్తే తేదీ, సమయం రాసి కమిటీ ఛైర్మన్‌కు పంపండి.

లోపల విన్నది, చెప్పింది బయటికొచ్చి వాట్సాప్‌లో పెట్టొద్దు. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా సాక్ష్యం రహస్యమే. మీ అర్జీ ప్రతిని ఫేస్‌బుక్‌లో పెట్టాలన్నా ఆలోచించండి. కమిటీ దగ్గర ఉన్న రక్షణ అక్కడ ఉండదు. ఇంజినీరు పేరు పెట్టి "లంచం తిన్నాడు" అని రాసి ఉంటే, పరువునష్టం కింద, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద కేసు మీ మీదికే వస్తుంది.

ఎంత కాలం పడుతుంది?

నెలల లెక్క కాదు, చాలాసార్లు ఏడాది దాటుతుంది. అసలు కమిటీ ఉండాలి కదా. 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలొస్తే ప్రజాపద్దుల, అంచనాల, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీలు వేసింది 2024 సెప్టెంబర్‌లో. ఆ అంచనాల కమిటీకి కోదాడ ఎమ్మెల్యే, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీకి షాద్‌నగర్ ఎమ్మెల్యే ఛైర్మన్లయ్యారు, అంటే రెండూ మన పాత జిల్లాలకే వచ్చాయి. కమిటీల కాలం ఏడాదికోసారి తిరుగుతుంది. కాబట్టి లేఖ ఇచ్చే ముందు ఇప్పుడు కమిటీ ఉందా, ఛైర్మన్ ఎవరు అన్నది శాసనసభ సచివాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. కమిటీ మారితే పాత ఇన్‌వర్డ్ నంబరు చూపిస్తూ కొత్త ఛైర్మన్‌కు మళ్లీ ఒక పేజీ లేఖ ఇవ్వండి. పాత ఫైలు దానంతట అది కొత్తవాళ్ల బల్ల మీదికి వస్తుందని నమ్మకండి.

ఇంకొక మాట, ఇది మీకు కాదు, ఇదే దారిలో ఆలోచిస్తున్న వేరేవాళ్లకు. 44, 65, 765 నంబర్ల జాతీయ రహదారుల మీద అండర్‌పాస్, రైల్వే గేటు వంటివి రాష్ట్ర కమిటీల పరిధి కాదు. వాటికి లోక్‌సభ పిటిషన్ల కమిటీ ఉంది, 15 మంది సభ్యులు. అక్కడ పిటిషన్ హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలి. తెలుగులో రాస్తే అనువాదం జతచేసి దాని మీద కూడా సంతకం పెట్టాలి. చాలావాటికి ఈ రెండో సంతకమే మరిచిపోతారు.

మీ ప్రశ్నలో ఒక్క విషయం తేలలేదు. మంత్రి ఆ మాట అన్నది నక్షత్ర గుర్తు ప్రశ్నకు ఇచ్చిన జవాబులోనా, దాని మీద వేసిన అనుబంధ ప్రశ్నకు నోటితో ఇచ్చిన జవాబులోనా? మొదటిదైతే శాఖ దగ్గరే రాత ప్రతి ఉంటుంది. రెండోదైతే చర్చల రికార్డులోనే వెతకాలి, దానికి కనీసం తేదీ కావాలి. మీ ఎమ్మెల్యే పీఏను అడిగి తేదీ ఇక్కడ రాయండి, హామీల కమిటీకి రాసే లేఖలో ఆ వాక్యాన్ని ఎట్లా ఉటంకించాలో చూద్దాం.